కీమోకి ముందు పన్నెండు రోజులు: అండాలు దాచే షీటు, తప్పులు చూపండి

ప్రోటోకాల్_పేజీ

అందరికీ నమస్కారం. రొమ్ము క్యాన్సర్ బయటపడిన నలభై లోపు స్త్రీలకి కీమో మొదలయ్యేలోపు అండాలు ఫ్రీజ్ చేయడానికి ఒక పేజీ షీటు తయారు చేస్తున్నాను. ఆంకాలజీ ఓపీ గోడ మీద అంటించేంత చిన్నదిగా ఉండాలి. ఉదాహరణకి ఊహించుకున్న కేసు: 31 ఏళ్లు, పెళ్లయింది, పిల్లల్లేరు, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (ఎస్ట్రోజన్ లాంటి హార్మోన్లు గడ్డని పెంచే రకం), ముందు కీమో, తర్వాత సర్జరీ. ఏసీ (డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపిన కీమో) నాలుగు సైకిళ్లు, ఆ పైన ప్యాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు.

డ్రాఫ్ట్ ఇది. మొహమాటం లేకుండా కొట్టేయండి.

1. నెలసరి రెండో రోజుదాకా ఆగి ఇంజెక్షన్లు మొదలు.
2. ఎఫ్ఎస్‌హెచ్ (అండాలని పెంచే హార్మోన్ ఇంజెక్షన్) రోజుకి 225 యూనిట్లు, లెట్రోజోల్ (ఎస్ట్రోజన్ తగ్గించే మాత్ర) 2.5 మి.గ్రా.
3. రెండు మూడు ఫాలికల్స్ (అండం పెరిగే నీటి సంచులు) 17 మి.మీ. చేరగానే హెచ్‌సీజీ 10,000 యూనిట్లతో ట్రిగ్గర్ (అండాన్ని చివరగా పక్వం చేసే ఇంజెక్షన్).
4. 36 గంటలకి పికప్ (సూదితో అండాలు బయటకి తీయడం). వచ్చిన అండాలన్నీ ఫ్రీజ్.
5. కీమో మొదటి రోజు గోసెరిలిన్ (అండాశయాన్ని నిద్రపుచ్చే ఇంజెక్షన్) 3.6 మి.గ్రా.
6. టైమ్ లేకపోతే గోసెరిలిన్ ఒక్కటే ఇచ్చి పంపవచ్చు.

ఫాలికల్17

ఆరింటిలో ఒక్కటీ ఉన్నది ఉన్నట్టు నిలవదండీ. ఏమీ అనుకోకండి, చాలా చోట్ల ఇదే షీటు తిరుగుతోంది కాబట్టి ఒక్కో లైనూ చూద్దాం.

మొదటి లైను. నెలసరి కోసం ఆగక్కర్లేదు. ఒక సైకిల్‌లో ఫాలికల్స్ ఒక్కసారే కాదు, రెండు మూడు అలలుగా లేస్తాయని బేర్‌వాల్డ్ బృందం కెనడాలో రోజూ స్కాన్లు చేసి 2003లో చూపించింది. ర్యాండమ్ స్టార్ట్ నిలబడేది దాని మీదే. ఆమె వచ్చింది పన్నెండో రోజైనా, ఇరవై రెండో రోజైనా, అదే సాయంత్రం మొదటి ఇంజెక్షన్ వేయొచ్చు. అండాల సంఖ్య, పక్వత దాదాపు మామూలుగానే వస్తాయి. ల్యూటియల్ దశలో, అంటే అండం విడుదలైన తర్వాత మొదలుపెడితే ఒకటి రెండు రోజులు, కొంచెం ఎక్కువ మందు పడుతుంది, అంతే. పీరియడ్ కోసం ఆగితే మూడు వారాలు పోవచ్చు. ఆ మూడు వారాలు ఆంకాలజిస్ట్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఒక్క చిక్కు: మొదటి స్కాన్‌లోనే 16-18 మి.మీ. ఫాలికల్ ఒకటి ముందుకొచ్చి కూర్చుంటే దాన్ని ట్రిగ్గర్ చేసి వదిలేసి, రెండు మూడు రోజుల తర్వాత మొదలుపెట్టడం నయం. లేకపోతే మధ్యలో అది విడుదలై స్కాన్ లెక్కలన్నీ గందరగోళం అవుతాయి.

రెండో లైను. లెట్రోజోల్ 2.5 కాదు, 5 మి.గ్రా.; అంటే రెండు మాత్రలు, రోజుకొకసారి. 225 యూనిట్లు అందరికీ ఒకటే అని రాయకండి. వయసు, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే రక్తపరీక్ష), రెండు అండాశయాల్లో కలిపి 2-10 మి.మీ. ఫాలికల్స్ ఎన్ని ఉన్నాయో చూసి 150 నుంచి 300 మధ్య నిర్ణయించాలి. ముందున్న ఫాలికల్ 14 మి.మీ. దగ్గరకొచ్చాక సెట్రోరెలిక్స్ 0.25 మి.గ్రా. రోజూ, ట్రిగ్గర్ రోజు వరకు. మీ షీటులో అసలు ఆ మాటే లేదు. అది లేకపోతే ఎల్‌హెచ్ (అండాన్ని విడుదల చేయించే హార్మోన్) ముందే లేచి, పికప్ టేబుల్ మీదకి వచ్చేసరికి ఫాలికల్స్ ఖాళీగా ఉంటాయి.

మూడో లైను మీద విడిగా రాస్తాను, దానికి చాలా ఉంది.

సిస్టర్_డేకేర్

ట్రిగ్గర్ విషయం డాక్టర్లు చెప్తారు గానీ టైము మాట నేను చెప్తా. షీటులో ‘36 గంటలు’ అని రాస్తే చాలదు. తేదీ, వారం, టైము మూడూ రాసి ఇవ్వాలి. రాత్రి 12:30కి ఇంజెక్షన్ అంటే ఇంటివాళ్లు ఏ రోజు అనుకుంటారో ఊహించండి. ‘సోమవారం రాత్రి పన్నెండున్నర’ అంటే క్యాలెండర్ ప్రకారం మంగళవారం. ఒక రోజు తేడా వస్తే సైకిల్ మొత్తం పోయినట్టే. అందుకే ట్రిగ్గర్‌ని రాత్రి 9 - 10:30 మధ్య పెట్టేస్తే ఈ గొడవే ఉండదు: సోమవారం రాత్రి 9:30కి వేస్తే బుధవారం పొద్దున 8:30 నుంచి 9:30 లోపు పికప్.

ఎఫ్ఎస్‌హెచ్ పెన్ ఫ్రిజ్ తలుపులో పెట్టుకోవాలి, ఫ్రీజర్‌లో కాదు. ఐస్ ప్యాక్ మీద నేరుగా ఆనించి ఊరికి తీసుకెళ్తే మందు గడ్డకట్టి పాడవుతుంది. మధ్యలో ఒక గుడ్డ చుట్టాలి. పెన్ చివర్లో డోసు మిగలకపోతే మీటరు సున్నాకి రాకుండా ఆగుతుంది, ఆ కనపడే అంకె ఇంకా పడాల్సిన మందు. చాలామంది దాన్ని చూడకుండా సూది తీసేస్తారు.

ఫాలికల్17

సిస్టర్ గారి మాట షీటులో పెద్దక్షరాల్లో పెట్టాలి.

ఇక మూడో లైను. ఈ కేసులో హెచ్‌సీజీ 10,000 వద్దు. అది ఒంట్లో వారం పైగా ఉంటుంది, ఓహెచ్ఎస్ఎస్ (అండాశయాలు అతిగా ఉబ్బే సమస్య) తెస్తుంది. పొట్టలో నీరు, చిక్కబడ్డ రక్తం, క్లాట్ భయం పెట్టుకుని నాలుగో రోజు కీమో ఎలా మొదలుపెడతారు? బదులుగా ట్రిప్టోరెలిన్ 0.2 మి.గ్రా., అంటే 0.1 సిరంజీలు రెండు. ఆమె మెదడు కింద ఉండే సొంత పిట్యూటరీ గ్రంథే ఎల్‌హెచ్ వదులుతుంది, ఒకటిన్నర రోజులో దిగిపోతుంది. ఓహెచ్ఎస్ఎస్ దాదాపు ఉండదు.

పది పన్నెండు గంటల తర్వాత ఎల్‌హెచ్ పరీక్ష చేయించండి. 15 యూనిట్ల కంటే తక్కువ ఉంటే ట్రిగ్గర్ పట్టలేదని అనుమానించి, పికప్ ముందే హెచ్‌సీజీతో సర్దుకోవచ్చు. బరువు బాగా తక్కువ ఉన్నవాళ్లు, చాలా నెలలు గర్భనిరోధక మాత్రలు వేసుకున్నవాళ్లలో ఇలా జరుగుతుంది.

అసలు ప్రమాదం ఇంకొకటి. ‘అండాశయాన్ని కాపాడటానికి’ అని ఎవరో ముందే గోసెరిలిన్ డిపో (నెల పాటు పనిచేసే ఇంజెక్షన్) వేసి, ఆ తర్వాత ఫ్రీజింగ్‌కి పంపుతారు. అప్పటికి పిట్యూటరీ మొద్దుబారిపోతుంది, ట్రిప్టోరెలిన్ ట్రిగ్గర్ పనిచేయదు. హెచ్‌సీజీ తప్ప గత్యంతరం ఉండదు. ముందు పికప్, తర్వాతే గోసెరిలిన్. ఈ వరుస షీటులో ఎర్రరంగులో ఉండాలి.

లెట్రోజోల్ వాడినప్పుడు 17 మి.మీ. దగ్గర ఆపకండి, 19-20 దాకా పోనివ్వండి. ఆ మందు మీద ఫాలికల్ కొలత, లోపల అండం పక్వత మామూలు సైకిల్‌లో లాగా ఒకదానికొకటి సరిపోవు. తొందరపడితే పక్వం కాని అండాలు ఎక్కువ వస్తాయి.

కీమోడెస్క్

ఆంకాలజీ వైపు నుంచి మూడు మాటలు.

ఏసీలో ఉండే సైక్లోఫాస్ఫమైడ్ చదరపు మీటరుకి 600 మి.గ్రా., నాలుగు సైకిళ్లకి 2400. అండాశయానికి ఎక్కువ హాని చేసేది అదే. నిద్రపోతున్న ప్రైమోర్డియల్ ఫాలికల్స్ డీఎన్ఏని నేరుగా దెబ్బతీస్తుంది. దీనికి తోడు పెరుగుతున్న ఫాలికల్స్ చచ్చిపోవడంతో అడ్డుకునే సంకేతాలు తగ్గి, నిద్రలో ఉన్నవి ఒక్కసారిగా లేస్తాయన్న వాదన ఉంది. గాదెలో విత్తనాలన్నీ ఒకేసారి నానబెట్టినట్టు, మొలిచినవి కూడా తర్వాతి సైకిల్‌కి మాడిపోతాయి. ఎలుకల్లో బాగా కనపడింది. మనుషుల్లో ఎంత భాగం దీనిది అన్నది ఇంకా వాదనే.

రెండోది, ఫ్రీజింగ్ వల్ల కీమో ‘ఆలస్యం’ అనే భయం. బయాప్సీ రిపోర్టు వచ్చాక ఎకో (గుండె స్కాన్), పోర్ట్ (కీమో ఎక్కించే గొట్టం), గడ్డలో క్లిప్ (చోటు గుర్తు), హెర్2 (గడ్డ రకం తేల్చే పరీక్ష) ఫలితం, స్టేజింగ్ స్కాన్, వీటికి ఎలాగూ పది పన్నెండు రోజులు పోతాయి. ఇంజెక్షన్లు అదే రోజుల్లో పక్కపక్కనే నడవాలి. అవన్నీ అయ్యాక ఫెర్టిలిటీకి పంపితేనే ఆలస్యం. రిఫరల్ మొదటి విజిట్‌లోనే వెళ్లాలి.

పెట్ స్కాన్ మాత్రం ఇంజెక్షన్లకి ముందే చేయించండి. ఉబ్బిన అండాశయాలు గ్లూకోజ్‌ని పట్టి మెరుస్తాయి. రిపోర్టు రాసేవారికి తెలియకపోతే ‘అండాశయంలో మెటాస్టాసిస్ (క్యాన్సర్ పాకిందా)?’ అని రాస్తారు, ఇక ఎమ్మారై, మళ్లీ వారం.

మూడోది, ఒక సైకిల్ కీమో అయ్యాక పికప్ వద్దు. ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అడుగంటి ఉంటాయి. పైగా కీమోకి గురైన ఫాలికల్స్ నుంచి వచ్చిన అండాల మీద నమ్మకం లేదు.

ప్రోటోకాల్_పేజీ

ధన్యవాదాలు. ఐదు, ఆరు లైన్ల సంగతి? గోసెరిలిన్ మీద పెద్ద ట్రయల్ ఉంది కదా, రిస్కు మూడో వంతుకి తగ్గిందని విన్నాను.

హారం_లవం

విన్నది సగం నిజం. లవం ఎంతో, హారం ఎంతో చూద్దాం.

పోయెమ్స్ ట్రయల్, 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ర్యాండమైజ్ చేసింది 257 మందిని. అందరూ హార్మోన్ రిసెప్టర్ నెగెటివ్. మీ ఉదాహరణ పాజిటివ్ కేసు. ఆ తేడా ముందు గుర్తుంచుకోండి. రెండేళ్ల తర్వాత అండాశయ వైఫల్యం గోసెరిలిన్ గుంపులో 8 శాతం, కీమో ఒక్కటే ఉన్న గుంపులో 22 శాతం. ఈ ముఖ్య ఫలితానికి పూర్తి సమాచారం దొరికింది 135 మందికే: ఒక వైపు 66, ఇంకో వైపు 69. అంటే 5 మందికీ 15 మందికీ మధ్య తేడా. తేడా ఉంది, కానీ పది మంది అటూ ఇటూ అయితే కథ మారిపోయేంత చిన్న సంఖ్య. డబ్బు, మందు అందక ట్రయల్ అనుకున్న సంఖ్య చేరకుండానే ఆగిపోయింది కూడా.

గర్భాలు: గోసెరిలిన్ గుంపులో 105 మందిలో 22, కీమో ఒక్కటే గుంపులో 113 మందిలో 12. ఇది నాకు ఎక్కువ నచ్చిన అంకె. నెలసరి తిరిగి రావడం ఒకటి, గర్భం రావడం వేరొకటి. నెలసరి వచ్చినా నిల్వ అడుగంటి ఉండొచ్చు.

2018లో ల్యాంబర్టీని బృందం ఐదు ట్రయల్స్‌లోని 873 మంది వివరాలు కలిపి చూసింది. అండాశయాలు ముందే ఆగిపోవడం మందు తీసుకున్నవాళ్లలో 14.1 శాతం, లేనివాళ్లలో 30.9. గర్భాలు అదే వరుసలో 37, 20. ఇందులో రిసెప్టర్ పాజిటివ్ వాళ్లూ ఉన్నారు కాబట్టి మీ కేసుకి ఇది దగ్గర. మందు పనిచేస్తుంది అనడానికి నాకు అభ్యంతరం లేదు, రొమ్ము క్యాన్సర్‌లో. లింఫోమాలో (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) డెమీస్టెర్ బృందం ట్రిప్టోరెలిన్‌తో 129 మందిలో చేసిన ట్రయల్‌లో ఐదేళ్లకి కూడా తేడా తేలలేదు. ఒక జబ్బు అంకె తీసుకెళ్లి ఇంకో జబ్బు ఓపీలో చెప్పకండి.

ఇప్పుడు ఆరో లైను. 873 మందిలో మందు తీసుకున్న గుంపులో గర్భం వచ్చింది పది శాతం మందికి. అందరూ ప్రయత్నించలేదన్నది నిజమే. అయినా దీన్ని ఫ్రీజింగ్‌కి బదులుగా అమ్మడం తప్పు. అది గొడుగు లాంటిది, ఇల్లు కాదు. ‘టైమ్ లేకపోతే’ అనే మాటని ‘ఫ్రీజింగ్ చేసినా చేయకపోయినా, దానికి తోడుగా’ అని మార్చండి.

సిస్టర్_డేకేర్

గోసెరిలిన్ గురించి రెండు ముక్కలు. అది ద్రవం కాదు, చిన్న గుళిక. సూది 16 గేజ్, లావుది. బొడ్డు కింద పక్కగా, తోలు కిందికి. ముందు మత్తు క్రీమ్ గానీ కొంచెం లిగ్నోకెయిన్ గానీ ఇస్తే భయం తగ్గుతుంది. గాలి బుడగ తీయాలని సిరంజిని నొక్కితే గుళిక బయట పడిపోతుంది, కొత్తవాళ్లు చేసే తప్పు ఇదే. ఆ పొట్ట చర్మం కింద రక్తనాళం తగిలితే నీలం గడ్డ కడుతుంది. క్లాట్ మందు మీద ఉన్నవాళ్లకి ముందే చెప్పండి.

28 రోజులకోసారి. 10.8 మి.గ్రా. మూడు నెలల గుళిక దొరుకుతుంది కదా అని దాన్ని వేసేయొద్దు. ట్రయల్ చేసింది 3.6తో.

కీమోడెస్క్

టైమింగ్ కూడా. పోయెమ్స్‌లో మొదటి కీమోకి వారం ముందు ఇచ్చారు. డిపో వేసిన మొదటి రోజుల్లో పిట్యూటరీ ఒకసారి పైకి లేచి తర్వాత పడిపోతుంది. ఆ లేచిన రోజుల్లోనే సైక్లోఫాస్ఫమైడ్ పడితే ప్రయోజనమేముంది? కాబట్టి ‘కీమో మొదటి రోజు’ అన్న ఐదో లైను మార్చండి. పికప్ రోజు గానీ, తర్వాతి రెండు మూడు రోజుల్లో గానీ వేసి, దాని నుంచి ఏడు రోజులు లెక్కపెట్టడం ఆదర్శం. గడ్డ తొందరపెడుతుంటే ఆ వారం దొరకదు, అప్పుడు కీమోనే ముందు. వారం కోసం చికిత్స ఆపకండి.

ఫాలికల్17

పికప్ అయిన వెంటనే డిపో వేసినప్పుడు అరుదుగా ఓహెచ్ఎస్ఎస్ వచ్చిన కేసులు రిపోర్ట్ అయ్యాయి. ఫాలికల్స్ ఇరవై దాటినవాళ్లలో రెండు మూడు రోజులు చూసి వేస్తే మేలు. లెట్రోజోల్ మాత్రం పికప్ తర్వాత కూడా ఆపొద్దు. ఎస్ట్రడయోల్ (రక్తంలో ఎస్ట్రోజన్) 50 పీకోగ్రాముల కిందికి వచ్చేదాకా నడవాలి.

మెడికల్_షాపు_వెనక

లెట్రోజోల్ చీటీ చూడగానే ఇప్పటికీ కొన్ని షాపుల్లో ‘ఇది ఆడవాళ్లకి బ్యాన్ కదా’ అంటారు. నేపథ్యం: 2011 అక్టోబరులో మన దేశంలో లెట్రోజోల్‌ని స్త్రీల వంధ్యత్వ చికిత్సకి వాడటం నిషేధించారు. 2017లో ఎత్తేశారు. క్యాన్సర్ మందుగా ఎప్పుడూ నిషేధం లేదు. చీటీ మీద ‘ఆంకో, ఎగ్ ఫ్రీజింగ్’ అని ఒక ముక్క రాస్తే కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది.

హారం_లవం

లెట్రోజోల్ మీద ఒక అసమ్మతి కూడా నమోదు చేస్తాను. ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్, హెర్2 రిసెప్టర్లు లేని) కేసులో అది నిజంగా అవసరమా? ఎస్ట్రోజన్ పట్టే తాళమే లేని గడ్డకి పది రోజుల ఎస్ట్రోజన్ ఏం చేస్తుంది? ఇది లేకపోతే క్యాన్సర్ తిరగబెడుతుందని చూపిన ర్యాండమైజ్డ్ ట్రయల్ లేదు. స్వీడన్ రిజిస్ట్రీలో ఫ్రీజింగ్ చేయించుకున్న 425 మందిని, చేయించుకోని 850 మందితో పోల్చి చూశారు. హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల మరణాలు, తిరగబెట్టడం పెరగలేదు. అది పరిశీలన మాత్రమే, ర్యాండమైజేషన్ కాదు. బాగున్నవాళ్లే ఫ్రీజింగ్‌కి వెళ్లి ఉండొచ్చు.

ఫాలికల్17

ఒప్పుకుంటాను. సాక్ష్యం కన్నా జాగ్రత్త వల్ల వాడుతున్నాం. కానీ రోజుకి రెండు మాత్రలు, చవక, అండాల సంఖ్య తగ్గదు. ఎస్ట్రడయోల్ రెండు వేలకి బదులు ఐదు వందల దగ్గర ఉంటే క్లాట్ ముప్పు వైపు నుంచి కూడా నాకు నిద్ర పడుతుంది. రిసెప్టర్ పాజిటివ్ కేసులో మాత్రం వదలను. నెగెటివ్‌లో మీరు వదిలేస్తే పోట్లాడను.

క్లాట్ మాట వచ్చింది కాబట్టి: ఎనాక్సాపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) 40 మి.గ్రా. నడుస్తుంటే పికప్ ముందు కనీసం 12 గంటలు ఖాళీ ఉండాలి. యోనిగోడ గుండా 17 గేజ్ సూది వెళ్తుంది, పక్కనే ఇలియాక్ అనే పెద్ద రక్తనాళాలు.

మైనస్196

ల్యాబ్ వైపు ఎవరూ రాలేదు, నేనొచ్చా. నాలుగో లైను: ‘వచ్చిన అండాలన్నీ ఫ్రీజ్.’ కాదు. పక్వమైనవి మాత్రమే, అంటే ఎం-టూ దశ. పికప్ అయిన రెండు గంటలకి హయాల్యురోనిడేజ్‌లో చుట్టూ ఉన్న కణాలు తీసేస్తే మొదటి పోలార్ బాడీ (అండం పక్కన చిన్న కణం) కనపడుతుంది. అది ఉంటేనే ఎం-టూ. పదిహేను వస్తే పది పన్నెండు పక్వం అవడం మామూలు. ఇంటివాళ్లకి ఫోన్‌లో చెప్పాల్సింది ఈ రెండో అంకె, మొదటిది కాదు.

విట్రిఫికేషన్ (ఐస్ కట్టకుండా క్షణాల్లో గడ్డకట్టించడం): ముందు 7.5 శాతం ఇథిలీన్ గ్లైకాల్, 7.5 శాతం డీఎంఎస్ఓ (రెండూ ఐస్ కట్టనివ్వని ద్రవాలు). ఇందులో అండం ఒక్కసారి ముడుచుకుపోయి, మెల్లగా మళ్లీ నిండుతుంది. పన్నెండు పదిహేను నిమిషాలు. నిండకుండా తొందరపడి తీస్తే లోపల నీరు మిగిలి ఐస్ కడుతుంది. తర్వాత అవే 15, 15 శాతం, తోడుగా 0.5 మోలార్ సుక్రోజ్. ఇందులో నిమిషం, మహా అయితే తొంభై సెకన్లు. ఎక్కువ ఉంచితే డీఎంఎస్ఓ విషం. ఆపైన సన్నని పట్టీ మీద మైక్రోలీటర్‌లో పదో వంతు చుక్కలో పెట్టి, చుట్టూ ద్రవం పీల్చేసి, నేరుగా నైట్రోజన్‌లోకి. చుక్క పెద్దదైతే చల్లబడే వేగం పడిపోతుంది. కువాయామా పద్ధతిలో నిమిషానికి 23,000 డిగ్రీలు చల్లబడుతుంది, వేడెక్కేటప్పుడు 42,000. రెండో వేగమే ఎక్కువ ముఖ్యం. ద్రావణాన్ని 37 డిగ్రీలకి ముందే సిద్ధం చేయకుండా పట్టీ ముంచితే, బాగా ఫ్రీజ్ అయిన అండం కూడా అక్కడ పోతుంది.

ఒక పట్టీ మీద రెండు మూడు అండాలకి మించి వద్దు. ఇరవై ఉంటే రెండు వేరు ట్యాంకుల్లో విభజించండి.

చిన్న పక్కదారి: 1978 అక్టోబరు 3న కలకత్తాలో పుట్టిన దుర్గ, మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ గారు డీఎంఎస్ఓలో దాచిన పిండం నుంచే. 53 రోజులు దాచారు. ఆయన్ని అప్పుడు ఎవరూ నమ్మలేదు. అండం విషయంలో మాత్రం గర్భం రావడానికి 1986 దాకా, అమెరికన్ ఫెర్టిలిటీ వైద్యుల సొసైటీ ‘ప్రయోగాత్మకం’ ముద్ర తీసేయడానికి 2012 దాకా పట్టింది. పెద్ద కణం, నీళ్లు ఎక్కువ, స్పిండిల్ (క్రోమోజోములని పట్టే దారాలు) చలికి చెదిరిపోతుంది. పాత నెమ్మది పద్ధతిలో అందుకే ఓడిపోయేవాళ్లం.

ప్రోటోకాల్_పేజీ

మైనస్196 గారూ, వాళ్లు అడిగే ప్రశ్న: కరెంటు పోతే?

మైనస్196

ట్యాంకుకి కరెంటుతో పని లేదు. అది పెద్ద థర్మాస్ ఫ్లాస్కు. నైట్రోజన్ మెల్లగా ఆవిరైపోతుంటే మళ్లీ నింపుతాం, అంతే. కరెంటు పోతే పోయేది అలారం, లెవెల్ సెన్సర్, ఆటోఫిల్. 2018 మార్చి 4న అమెరికాలో ఒకే రోజు రెండు ఊళ్లలో, క్లీవ్‌లాండ్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్యాంకులు చెడ్డాయి. క్లీవ్‌లాండ్‌లో నాలుగు వేలకు పైగా అండాలు, పిండాలు పోయాయి. రిమోట్ అలారం ఆపేసి ఉందని తర్వాత తేలింది. అందుకే అడగాల్సిన ప్రశ్న ఇది: ‘రోజూ కర్రతో నైట్రోజన్ మట్టం కొలిచి రాసే పుస్తకం ఉందా? ఆదివారం ఎవరు కొలుస్తారు?’

హారం_లవం

‘ఎన్ని అండాలుంటే చాలు’ అన్నది షీటులో ఉండాలి. గోల్డ్‌మన్ బృందం 2017లో కట్టిన లెక్క: 20 పక్వమైన అండాలు దాస్తే కనీసం ఒక బిడ్డ పుట్టే అవకాశం 34 ఏళ్లకి 90 శాతం, 37కి 75, 42కి 37. ఇది నమూనా లెక్క, రోగుల్ని వెంటపడి చూసింది కాదు. క్యాన్సర్ స్త్రీకి ఒక్క సైకిలే దొరుకుతుంది. 20 రావడం అరుదు. ఎనిమిదో తొమ్మిదో వస్తే ఆ అంకెకి తగిన అవకాశమే చెప్పాలి.

స్పెయిన్‌లో కోబో బృందం 2018 లెక్కలో, దాచుకున్నవాళ్లలో తిరిగి వచ్చి వాడుకున్నది తమ ఇష్టంతో దాచినవాళ్లు 12.1 శాతం, క్యాన్సర్ వల్ల దాచినవాళ్లు 7.4 శాతం. అందుకే ‘క్యాన్సర్‌లో సక్సెస్ రేటు’ అని ఎవరైనా పెద్ద అంకె చెప్తే, ఆ హారంలో ఎందరున్నారని అడగండి.

సెక్షన్28

అండమా, పిండమా? పెళ్లయినవాళ్లకి పిండాలే దాచాలని చాలామంది అలవాటుగా చేసేస్తారు. పిండం ఇద్దరిది. వాడుకోవాలంటే ఆ రోజు కూడా ఇద్దరి సంతకం కావాలి. విడిపోతే ఆమె దగ్గర ఏమీ ఉండదు. అండం ఆమెది. వీలైతే సగం సగం, లేదంటే అండాలే. వైద్యపరంగా తేడా ఉందని తెలుసు, పిండం ఎంత బలంగా ఉందో ముందే తెలుస్తుంది. కానీ సంతకం చేసే ముందు ఆమెతో విడిగా, అత్తగారూ భర్తా లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడండి.

2021 ఏఆర్‌టీ (సంతాన సహాయ చికిత్సల) చట్టం ప్రకారం 21 ఏళ్లు దాటిన స్త్రీ పెళ్లి కాకపోయినా క్లినిక్‌కి రావచ్చు. చికిత్సకి గరిష్ఠ వయసు 50. సెక్షన్ 28లో నిల్వ గడువు పదేళ్లు. 24 ఏళ్లకి దాచిన అమ్మాయికి ఇది మొదటి రోజే చెప్పాలి, ఫారమ్‌లో ముగింపు తేదీ చేత్తో రాయాలి. ‘నేను లేకపోతే ఏం చేయాలి’ అన్న గడి ఖాళీగా వదలకండి. అడగడం కష్టమే, అయినా.

బీఆర్‌సీఏ (వంశంలో రొమ్ము క్యాన్సర్ తెచ్చే జన్యువు) మార్పు ఉంటే పిండాన్ని ఆ జన్యువు కోసం పరీక్షించవచ్చు. ఆడా మగా చెప్పడం మాత్రం పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నేరం, క్యాన్సర్ కుటుంబమైనా సరే.

కీమోడెస్క్

పన్నెండు రోజులు కూడా లేనివాళ్లు, ఇంకా రజస్వల కాని పిల్లలు: వీళ్లకి అండాశయపు పొర దాచడం. ల్యాపరోస్కోపీలో సగం గానీ ఒక అండాశయం గానీ తీసి, పై పొరని ఒక మిల్లీమీటరు మందం ముక్కలుగా కోసి నెమ్మదిగా ఫ్రీజ్ చేస్తారు. మొదటి బిడ్డ 2004లో, బెల్జియంలో డోనే బృందం చేతుల మీద. ఆ ముక్కలు 1997లో దాచినవి. 2019లో దీనికీ ప్రయోగాత్మకం ముద్ర పోయింది. లుకేమియాలో తిరిగి అతికించడం ప్రమాదం, ముక్కలోనే క్యాన్సర్ కణాలుంటాయి. ఎడిన్‌బరో ప్రమాణం (ఎవరికి చేయాలన్నది): 35 లోపు వయసు, అండాశయ వైఫల్యం ముప్పు సగానికి పైన. మన ఉదాహరణ కేసుకి అక్కర్లేదు.

ప్రోటోకాల్_పేజీ

చివరి సందేహం. రిసెప్టర్ పాజిటివ్ అయితే టామాక్సిఫెన్ (ఎస్ట్రోజన్ పనిని అడ్డుకునే మాత్ర) ఐదేళ్లు, పదేళ్లు. 31కి దాచిన అండం ఎప్పుడు వాడతారు?

హారం_లవం

ఈ ప్రశ్న మీదే ‘పాజిటివ్’ అనే పేరున్న ట్రయల్, 2023. 42 లోపు వయసు, 518 మంది. 18 నుంచి 30 నెలలు హార్మోన్ మాత్ర వాడి, మూడు నెలలు ఖాళీ ఇచ్చి, గర్భం కోసం రెండేళ్ల వరకు ఆపారు. మూడేళ్లలో క్యాన్సర్ సంఘటనలు 8.9 శాతం; పోలిక కోసం పాత ట్రయల్స్ నుంచి తీసుకున్న గుంపులో 9.2. వెంటపడి చూసిన 497 మందిలో 368 మందికి గర్భం, 317 మందికి కనీసం ఒక బిడ్డ. మొదట్లో ఇంజెక్షన్లతో అండాలో పిండాలో దాచుకున్నవాళ్లలో మూడేళ్ల సంఘటనలు 9.7, దాచనివాళ్లలో 8.7, చెప్పుకోదగ్గ తేడా కాదు.

జాగ్రత్తలు మూడు. ఇది ర్యాండమైజ్డ్ కాదు. 93 శాతం మంది ఒకటి, రెండు స్టేజిలవాళ్లే. మధ్యస్థంగా 41 నెలలే చూశారు. ఈ రకం క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తిరిగి వస్తుంది. చంకలో నాలుగైదు లింఫ్ గ్రంథులకి జబ్బు పాకిన ఆమెకి ఈ 8.9 చదివి వినిపించకండి. బిడ్డ పుట్టాక మాత్ర మళ్లీ మొదలుపెట్టాలన్న లైను కూడా షీటులో ఉండాలి, అక్కడే మరిచిపోతారు.

ప్రోటోకాల్_పేజీ

కొత్త డ్రాఫ్ట్ ఇదిగో.

రోజు 0: ఏఎంహెచ్ (14 ఉంటే బాగుంది), ఫాలికల్ లెక్క, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ. పెట్ ముందే. అదే సాయంత్రం ఎఫ్ఎస్‌హెచ్ 150-300, లెట్రోజోల్ 5. ఫాలికల్ 14కి సెట్రోరెలిక్స్. 19-20కి ట్రిప్టోరెలిన్ 0.2, తేదీ, వారం, టైము రాతపూర్వకంగా. పొద్దున ఎల్‌హెచ్. పికప్, అదే మత్తులో పోర్ట్ వీలైతే. ఎం-టూ అండాలు రెండు ట్యాంకుల్లో. ఆ తర్వాతే గోసెరిలిన్ 3.6. లెట్రోజోల్ ఎస్ట్రడయోల్ 50 కిందికి వచ్చేదాకా.

మైనస్196

బాగుంది. ఒక్క సవరణ: ‘ఏఎంహెచ్ 14’ పక్కన యూనిట్ ఏదీ? ఒక ల్యాబ్ పీకోమోల్‌లో ఇస్తుంది, ఇంకోటి నానోగ్రామ్‌లో. 14 పీకోమోల్ అంటే నానోగ్రామ్‌లో దాదాపు 2 మాత్రమే, 7.14తో భాగించాలి. అదే 14 నానోగ్రామ్‌లయితే నిల్వ చాలా ఎక్కువ, పీసీఓ (అండాశయాల్లో ఫాలికల్స్ మరీ ఎక్కువుండే స్థితి) అయ్యుండొచ్చు; ఆమెకి 150 కూడా ఎక్కువ కావొచ్చు, 300 వేస్తే ఐసీయూకి పంపాల్సి వస్తుంది.